27 సాయంత్రం కాదు, 19 ఉదయం చెప్పాల్సింది

ప్రశ్న: నమస్తే అండీ. మాది సూళ్లూరుపేట. వయసు 34. శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో ప్రెస్ షాప్ అసిస్టెంట్ మేనేజర్‌గా చేస్తున్నాను. ఏడాదిన్నర కిందట జపాన్ నుంచి కొత్త బాస్ వచ్చారు. మొదట్లో బాగానే ఉండేది. ఫిబ్రవరిలో కొత్త డై, అంటే రేకును నొక్కి ఆకారం తెచ్చే అచ్చు, దాని ట్రయల్ 28కి అవుతుందా అని అడిగితే "అవుతుంది సార్" అన్నాను. 19 ఉదయం సప్లయర్ ఫోన్ చేసి, డైని కాల్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ దగ్గర నాలుగైదు రోజులు లేటవుతుందన్నాడు. ఎలాగోలా లాక్కొద్దాం, ఈలోపు సార్‌కి టెన్షన్ ఎందుకులే అని చెప్పలేదు. కుదరలేదు. 27 సాయంత్రం చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. నోట్‌బుక్ మూసేసి లేచి వెళ్లిపోయారు. ట్రయల్ మార్చి మొదటి వారంలో అయింది, పీసులు బాగానే వచ్చాయి. కానీ అప్పటినుంచి రోజుకు మూడుసార్లు రిపోర్ట్ అడుగుతున్నారు. షిఫ్టుల మార్పు గురించి మీటింగ్‌లో ఒక ప్రపోజల్ పెడితే అందరూ తలలూపారు. ఆయన "కెంతో షిమాస్" అన్నారు, ఆలోచిస్తామని అర్థమట. ఓకే అయిందనుకుని లైన్‌లో చెప్పేశాను. నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు. పరువు పోయింది. పోయిన వారం ఒక లాట్ రిజెక్ట్ అయితే ఆపరేటర్ల ముందే "ఎందుకు, ఎందుకు" అని అయిదుసార్లు నిలదీశారు. వీళ్లకు మన మీద నమ్మకం లేదా? చెన్నైలో జర్మన్ కంపెనీ ఆఫర్ ఒకటి ఉంది. వెళ్లిపోమంటారా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక తేదీ దగ్గర ఆగిపోయాను. 19. మీరు దాన్ని మామూలుగా రాసేసి ముందుకు వెళ్లిపోయారు. మీ బాస్ మనసు మాత్రం ఇప్పటికీ అక్కడే ఆగి ఉంటుంది. ట్రయల్ లేటయిందని ఆయన నోట్‌బుక్ మూశారని నేను అనుకోను. మీకు తెలిసిన సంగతి ఎనిమిది రోజులపాటు తనకు తెలియలేదు. ఆయన్ని బాధపెట్టింది అదే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కొత్తలో నేనూ సరిగ్గా ఇదే పని చేశాను. చెన్నై దగ్గర ఒక జపాన్ కంపెనీలో క్వాలిటీ ఇంజనీర్‌గా చేరిన రోజులవి. ఒకనాడు సాయంత్రం నాలుగింటికి బ్రాకెట్లు చెక్ చేస్తుంటే రంధ్రం కొలిచే ప్లగ్ గేజ్‌లో లోపలికి దూరకూడని నో-గో వైపు కూడా రంధ్రంలోకి జారిపోయింది. అంటే రంధ్రం సైజు పెరిగింది. ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టుకుని రాత్రి ఒంటిగంట దాకా మంచివీ చెడ్డవీ వేరు చేశాం. పొద్దున్నే బాస్ దగ్గరికి వెళ్లి "ప్రాబ్లం వచ్చింది సార్, సాల్వ్ చేసేశాం" అన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన ఒక్కటే అడిగారు, "నీకు ఎన్నింటికి తెలిసింది?" నాలుగింటికి అన్నాను. నన్ను డిస్పాచ్ బోర్డు దగ్గరికి తీసుకెళ్లి ఒక గడి మీద వేలు పెట్టి చూపించారు. ఐదున్నర ట్రక్కు. అదే లాట్‌లో రెండు పెట్టెలు అందులో వెళ్లిపోయాయి. నేను రాత్రంతా ఏరింది షాపులో మిగిలిన సరుకును. నాలుగింటికి ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ట్రక్కు గేటు దాటేది కాదు. ఆయన అరవలేదు. ఆ వేలు మాత్రం నాకు ఇవాళ్టికీ కళ్ల ముందే ఉంది.

జపాన్ ఫ్యాక్టరీల్లో చెడ్డ కబురు వెంటనే చెప్పాలనే పట్టుదల వట్టి చాదస్తం కాదు. అక్కడి పని విధానంలోంచే వచ్చింది. అవసరమైనప్పుడు అవసరమైనంతే సరుకు ఉంచుకునే పద్ధతిలో, తరవాతి లైన్ దగ్గర గంటల లెక్కనే స్టాక్ ఉంటుంది. గోడౌన్ నిండా సరుకున్నచోట మన తప్పును వారం రోజులు దాచినా ఎవరికీ నొప్పి తెలియదు. ఇక్కడ అలా కాదు. మీరు 19న చెప్పి ఉంటే ఆయన కస్టమర్‌తో మాట్లాడుకునేవారు, ట్రయల్‌కు రావాల్సిన వాళ్ల ప్రయాణాలు మార్చేవారు, ఇంకో హీట్ ట్రీట్‌మెంట్ షాపు వెతికించేవారు. 27 సాయంత్రం చెబితే ఆయన చేతిలో మిగిలింది క్షమాపణ చెప్పుకోవడం ఒక్కటే.

దీనికి వాళ్లకు ఒక మాట ఉంది. మీ షాపులో ఏదో ఒక గోడమీద రాసే ఉంటుంది, హోరెన్సో అని. హోకోకు, రెన్రాకు, సోదాన్ అనే మూడు మాటల మొదళ్లు కలిపిన మాట అది. జరిగింది చెప్పడం, తెలియాల్సిన వాళ్లకు తెలియజేయడం, చేయబోయే ముందు సలహా అడగడం. వాళ్ల భాషలో పాలకూరను కూడా అలాగే పలుకుతారు కాబట్టి కొత్తగా చేరిన పిల్లలకు ఇట్టే గుర్తుండిపోతుంది. మీరు వదిలేసింది మూడోది, సోదాన్. "సార్, నాలుగు రోజులు జారేలా ఉంది, ఏం చేద్దాం?" అని అడగడం మనకు చేతగానితనంలా అనిపిస్తుంది. వాళ్ల లెక్కలో అది బాధ్యత.

మరి మనం ఎందుకు చెప్పం? మనకు నిజాయితీ తక్కువై కాదు. మన ఇళ్లలో చెడ్డ కబురు దాచడం ప్రేమకు గుర్తు. అమ్మకు ఆపరేషన్ అయిపోయి, డాక్టర్ పర్వాలేదన్నాక గానీ అమెరికాలో ఉన్న కొడుక్కి ఫోన్ చెయ్యం. "అంత దూరంలో ఉన్నవాణ్ణి కంగారు పెట్టడం ఎందుకు" అంటాం. మీరు మీ బాస్‌కు చేసిందీ అదే, ఆయన కంగారును మీరు మోశారు. మీ ఉద్దేశం మంచిదే, అందులో నాకు సందేహం లేదు. కాకపోతే ఆ కొడుకు తరవాత ఏమంటాడో గుర్తు తెచ్చుకోండి. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు? నేను పరాయివాణ్నా?" మీ బాస్ నోరు విప్పి ఉంటే బహుశా అదే అనేవారు.

ఇక ఆ "అవుతుంది సార్" గురించి. 1960ల చివర, 70ల మొదట్లో గీర్ట్ హాఫ్‌స్టెడే అనే డచ్ పరిశోధకుడు వేర్వేరు దేశాల్లోని ఐబీఎం ఉద్యోగులు నింపిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను పరిశీలించి, దేశాల తీరును కొన్ని కొలతలతో పోల్చాడు. అందులో ఒకటి, రేపు ఏమవుతుందో తెలియకపోతే మనుషులు ఎంత ఇబ్బంది పడతారనేది. జపాన్‌కు 92 వచ్చింది, మనకు 40. ఇంకోటి, పైవాడికీ కిందివాడికీ మధ్య దూరాన్ని జనం ఎంత సహజంగా ఒప్పుకుంటారనేది. అందులో మనకు 77, జపాన్‌కు 54. ఈ రెండు జతల అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ఫిబ్రవరి కథ చాలావరకు కనిపిస్తుంది. పైవాడు అడిగాడు కాబట్టి కాదనలేక మీరు "అవుతుంది" అన్నారు. ఏం జరుగుతుందో ముందే తెలిసి తీరాలి కాబట్టి ఆయన దాన్ని అక్షరాలా రాసుకున్నారు. మనలో మనం అనుకునే "అవుతుంది" వేరు. అందులో "దేవుడి దయవల్ల, అన్నీ కలిసొస్తే" అన్న మాట కలిసే ఉంటుంది, విన్నవాడికీ అది తెలుసు. ఆయనకు తెలియదు.

అయితే ఈ అంకెలను నెత్తికెక్కించుకోకండి. అవి ఒకే కంపెనీ ఉద్యోగుల జవాబుల్లోంచి తీసిన దేశం సగటులు. మీ ఎదుట కూర్చున్న మనిషి సగటు కాదు. ఒసాకా నుంచి వచ్చి పొద్దస్తమానం జోకులేసే బాస్‌ను చూశాను, పేపరు మీద లేనిదేదీ నమ్మని తెలుగు బాస్‌నూ చూశాను.

ఇకమీదట తేదీ అడిగితే ఇలా చెప్పి చూడండి. "28కి కావాలంటే 20కల్లా డై హీట్ ట్రీట్‌మెంట్ నుంచి తిరిగి రావాలి. సప్లయర్ ఇవాళ్టికి సరేనంటున్నాడు. 18 మధ్యాహ్నం మళ్లీ కనుక్కుని మీకు చెబుతాను." ఇందులో అవుతుందనీ లేదు, కాదనీ లేదు. ఏది దేనిమీద ఆధారపడి ఉందో, మీరు మళ్లీ ఎప్పుడు చెబుతారో ఉంది. ఆయనకు కావాల్సింది అదే. ఇంకో చిన్న సంగతి, చిన్నదే గానీ చాలా గొడవ పెడుతుంది. మనం సరేననడానికి తలను పక్కలకు ఊపుతాం చూడండి, అది జపాన్ వాళ్లకు అవుననో కాదనో అర్థం కాదు. నోటితో చెప్పండి, సాయంత్రానికి రెండు ముక్కల మెయిల్ కూడా పెట్టండి.

కెంతో షిమాస్ దగ్గరికి వద్దాం. మీ పరువు పోయిందని రాశారు, ఆ బాధ నాకు అర్థమైంది. మన ఇళ్లలో డబ్బాలో బియ్యం ఖాళీ అయితే "అయిపోయాయి" అనరు, "నిండుకున్నాయి" అంటారు. దీపం ఆరితే "కొండెక్కింది" అంటారు. గడప దాటేటప్పుడు "వెళ్తాను" అంటే పెద్దవాళ్లు ఊరుకోరు, "వెళ్లొస్తాను" అనాలి. తెలుగు నేర్చుకుంటున్న జపాన్ మనిషి ఒకరు మీ ఇంటికొచ్చి, బియ్యం నిండుకున్నాయని వింటే ఏమనుకుంటారు? డబ్బా నిండా ఉన్నాయనుకుంటారు. కెంతో షిమాస్ కూడా అలాంటి మాటే. ఆలోచిస్తాం, పరిశీలిస్తాం అని అర్థం. నిజంగానే పరిశీలించే సందర్భాలున్నాయి, కానీ మీటింగ్‌లో పదిమంది ముందు ఆ మాట వచ్చిందంటే చాలాసార్లు అది మర్యాదగా పక్కన పెట్టడమే. "ముజుకాషీ దెస్ నే", అంటే కొంచెం కష్టమండీ అన్నారా, కష్టపడి చేద్దాం అనుకోకండి. కాదన్నట్టే. మాట్లాడుతున్నంతసేపూ "హాయ్, హాయ్" అంటూ ఉంటే ఒప్పుకున్నట్టు కాదు, మనం కథ వింటూ ఊఁ కొట్టినట్టు.

కాదనడానికి నోరు రానివాళ్లం మనమూ ఉన్నాం. పెళ్లికి పిలిస్తే "చూస్తానండీ, వీలు చూసుకుని వస్తాను" అని ఎన్నిసార్లు అనలేదు? పిలిచినవాళ్లు ఆ మాట నమ్మి విస్తరి వేయరు. వాళ్ల మాటలు వినడానికి మీకు కొత్త చెవులేమీ అక్కర్లేదు, ఈ చెవులే చాలు. కాకపోతే వాళ్లకు నిండుకున్న మాటలేవో తెలుసుకోవాలి. మీ ట్రాన్స్‌లేటర్‌ను మీటింగయ్యాక టీ దగ్గర అడగండి, "ఆయన అన్నదాంట్లో మాట పక్కన పెట్టండి, మీకేమనిపించింది?" అని. నాకు తెలిసి ట్రాన్స్‌లేటర్లు మీటింగ్‌లో చెప్పేదానికంటే టీ దగ్గర చెప్పేది ఎక్కువ.

అసలు పొరపాటు మాత్రం మీటింగ్‌లో జరగలేదు, అంతకుముందే జరిగింది. అక్కడ మీటింగ్ అనేది నిర్ణయం తీసుకునే చోటు కాదు, తీసుకున్నదాన్ని పదిమందిలో చెప్పుకునే చోటు. మన పెళ్లి సంబంధాల్లో చూడండి. లగ్నపత్రిక రాసుకునే రోజున "పిల్ల నచ్చిందా?" అని ఎవరూ అడగరు. అంతకుముందే మేనమామను కలిశారు, పెద్దాయన చెవిన వేశారు, అలిగేవాళ్లెవరో చూసి ముందే బుజ్జగించారు. జపాన్ వాళ్లు దీన్నే నెమవాషి అంటారు. చెట్టును ఇంకోచోట నాటే ముందు దాని వేళ్ల చుట్టూ మట్టిని సరిచేసి సిద్ధం చేసే పనికి పేరది. మీ షిఫ్టుల మార్పు మెయింటెనెన్స్ వాళ్లను తాకుతుంది, బస్సుల కాంట్రాక్టును తాకుతుంది, హెచ్ఆర్‌ను తాకుతుంది. ఒక్కొక్కరి దగ్గరికి పది నిమిషాలు వెళ్లి, వాళ్ల అభ్యంతరం కాగితంలో చేర్చుకుని, చివరగా బాస్‌కు ఒంటరిగా చూపించి ఉండాల్సింది. చాలా కంపెనీల్లో ఆ తరవాత రింగి-షో అనే కాగితం బల్ల బల్లకూ తిరిగి ముద్రలు పడతాయి, ఇప్పుడైతే కంప్యూటర్లోనే తిరుగుతుంది. నెల పట్టడం మామూలే. కానీ ఒకసారి ముద్రలు పడ్డాక పని ఎక్కడా ఆగదు, మన దగ్గరలాగా మొదలెట్టాక "నన్నెవరడిగారు?" అనేవాడు ఉండడు. ఈ పద్ధతి నాకు మొదట్లో చిరాకుగా ఉండేది. ఇప్పుడు మా ఇంట్లో స్థలం అమ్మకం మాట వచ్చినా ఇలాగే చేస్తాను.

ఇక ఆ అయిదు "ఎందుకు"లు. ఇది మీకు అవమానంగా తగిలింది, తగలడం సహజమే. మన బడుల్లో "ఎందుకు చేశావ్?" అన్నది ప్రశ్న కాదు, బెత్తం పైకి లేవడానికి ముందు వచ్చే మాట. టొయోటాలో అది పనిముట్టు. ఆ పద్ధతిని అక్కడ స్థిరపరిచిన తాయిచి ఓనో చెప్పిన ఉదాహరణ ఒకటి ఉంది. మెషిన్ ఎందుకు ఆగింది? లోడ్ ఎక్కువై ఫ్యూజ్ పోయింది. లోడ్ ఎందుకు ఎక్కువైంది? బేరింగ్‌కు నూనె అందలేదు. ఎందుకు? పంపు సరిగ్గా తోడటం లేదు. ఎందుకు? పంపు షాఫ్ట్ అరిగి కదులుతోంది. ఎందుకు? జల్లెడ లేకపోవడంతో లోహపు రజను లోపలికి పోయింది. మొదటి ఎందుకు దగ్గర ఆగితే ఫ్యూజ్ మారుస్తాం, మళ్లీ వారానికి మెషిన్ ఆగుతుంది. అయిదోదాకా వెళ్తే జల్లెడ పెడతాం. ఈ అయిదు జవాబుల్లో ఒక్క మనిషి పేరూ లేదు, గమనించారా? మన దగ్గర రెండో ఎందుకుకే "ఆపరేటర్ అజాగ్రత్త సార్" వచ్చేస్తుంది. అక్కడితో ఆగిపోతాం, పాపం ఆ కుర్రాడు మాట పడతాడు. తరవాతిసారి మీ బాస్ అడిగినప్పుడు మెషిన్ వైపు తిరిగి జవాబు చెప్పండి, మీ వైపు తిరిగి కాదు. ఆయన ప్రశ్న మీకు కాదు, ఆ మెషిన్‌కు.

ఆపరేటర్ల ముందు అడగడం మాత్రం ఆయన పొరపాటే, ఆ మాట దాచను. మన దగ్గర కిందివాళ్ల ముందు మాట పడితే రేపటినుంచి వాళ్లు మాట వినరని ఆయనకు తెలియదు. వాళ్ల షాపుల్లో మేనేజరూ ఆపరేటరూ ఒకే గుడ్డలు, ఒకే క్యాంటీన్. 1983లో మారుతి మొదటి కారు తెచ్చినప్పుడు సుజుకీ వాళ్లు గుర్గావ్‌కు ఈ పద్ధతే తెచ్చారు, అందరికీ ఒకే యూనిఫాం, ఒకే భోజనశాల, గోడలు లేని ఆఫీసు. అప్పటి మన ఆఫీసర్లకు అది మింగుడుపడని సంగతి. మీరూ నేనూ ఆ వరసలోవాళ్లమే. శ్రీసిటీలో ఇసుజు వాహనాలు తయారవడం 2016లో మొదలైంది, పెనుకొండలో కియా కారు 2019లో బయటికొచ్చింది. మన జిల్లాల్లో ఇలాంటి షాపుల్లో పనిచేసే మొదటి తరం మీరు. ఇంట్లో అడిగి తెలుసుకోవడానికి మీకంటే ముందు ఈ దారిన నడిచిన నాన్నో మామయ్యో లేడు. అందుకే తప్పంతా మీదే అన్నట్టు కుంగిపోకండి. ఆయనతో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి, "మీరు ఎన్ని ఎందుకులైనా అడగండి, కానీ మొదట నన్నొక్కణ్నే అడగండి. ఇక్కడ వాళ్ల ముందు అడిగితే రేపు వాళ్లు తప్పు దాస్తారు." చివరి వాక్యం తప్పకుండా చెప్పండి. మీ పరువు సంగతి ఆయనకు అందకపోవచ్చు. తప్పు దాస్తారన్న మాట మాత్రం సూటిగా తగులుతుంది.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ ఆపరేటర్లు మీకు చెడ్డ కబురు ఎప్పుడు చెబుతున్నారు? లైన్ ఆపే తాడో బటనో మీ షాపులోనూ ఉండే ఉంటుంది. గత నెలలో ఎన్నిసార్లు లాగారు? ఒక్కసారీ లాగలేదంటే తప్పులు లేవని కాదు, మీకు భయపడుతున్నారని. మీరు బాస్ దగ్గర 19 నుంచి 27 దాకా చేసిందే, వాళ్లు మీ దగ్గర ప్రతి షిఫ్టులోనూ చేస్తుండవచ్చు. ఈసారి ఎవరైనా వచ్చి "సార్, డై దగ్గర బర్ వస్తోంది, పీసు అంచున పొలుసు లేస్తోంది" అంటే ముందు థాంక్స్ చెప్పండి, అందరికీ వినబడేలా. ఆ తరవాతే ఎందుకని అడగండి.

జర్మన్ కంపెనీ ఆఫర్ మంచి జీతం కోసమైతే ఆలోచించండి. ఈ గొడవ తప్పించుకోవడానికైతే వద్దు. అక్కడ మీటింగ్‌లో మీ ముఖం మీదే "ఈ లెక్క తప్పు" అనడం మామూలు, మళ్లీ అదే మనిషి సాయంత్రం నవ్వుతూ పలకరిస్తాడు, మనసులో ఏమీ పెట్టుకోడు. దానికి అలవాటు పడాలన్నా ఇంతే టైం పడుతుంది. వాల్‌మార్ట్ అంతటి కంపెనీ 1997లో జర్మనీలో దిగి 2006లో తిరిగి వచ్చేసింది. ధరల పోటీ, అక్కడి చట్టాలు ప్రధాన కారణాలే, కానీ అమెరికా దుకాణాల పలకరింపులూ నవ్వులూ అక్కడి కొనుగోలుదారులకు ఎబ్బెట్టుగా అనిపించాయి కూడా. వాళ్లకూ తెలియలేదు. మీకు తెలియకపోవడంలో సిగ్గుపడాల్సింది లేదు.

రోజుకు మూడు రిపోర్టులు మీరు అనుకున్నట్టు శిక్ష కాదు, ఆయన కళ్లకు కనబడకుండా పోయిన ఆ ఎనిమిది రోజులను మళ్లీ చూడాలనే ప్రయత్నం. ఆయన అడగకముందే ఇవ్వండి. మూడు వాక్యాలు చాలు, అందులో ఒకటి తప్పనిసరిగా బాగోలేని సంగతి ఉండాలి. ఎప్పుడూ అంతా ఓకే అని వచ్చే రిపోర్టును ఆయన నమ్మరు. మూడు నాలుగు వారాలయ్యాక "ఇకనుంచి సాయంత్రం ఒక్కటి సరిపోతుందా?" అని మీరే అడగండి.

దానికంటే ముందు, ఈ వారంలోనే ఒక పదిహేను నిమిషాలు టైం అడగండి. పెద్ద కాగితం ఒకటే తీసుకుని, దాని మీద ఫిబ్రవరిలో ఏ రోజు ఏం జరిగిందో గీతగా గీసుకెళ్లండి. సప్లయర్ ఫోన్, మీరు చేసిన ప్రయత్నాలు, మీరు ఆయనకు చెప్పిన రోజు, కింద ఇకమీదట ఎవరు ఎప్పుడు చెబుతారో. సాకులు వద్దు, హీట్ ట్రీట్‌మెంట్ వాడి తప్పు గురించి అసలు మాట్లాడొద్దు. "నేను ఆలస్యంగా చెప్పాను, క్షమించండి" అని మొదలుపెట్టి ఆ కాగితం ఆయన ముందు పరచండి. అందులో ఎర్ర ఇంకుతో చుట్టాల్సింది 27ను కాదు, 19ని.